వలకు ఒక కిటికీ



మన గాంధీనగర్‌కు దగ్గరలోనే ముషీరాబాద్ చేపల మార్కెట్టు ఉంది. మీలో చాలామంది చూసే ఉంటారు. మృగశిర కార్తె రోజున అక్కడ కాలు పెట్టడానికి సందు ఉండదు. రవ్వ, బొచ్చె, కొరమీను మంచినీటి చేపలు. వంజరం, చందువా సముద్రపు చేపలు. రొయ్యల్లో కొన్ని చెరువుల్లో పెంచినవి. కొన్ని సముద్రంలో వేటాడి తెచ్చినవి.

మన హైదరాబాదుకు సముద్రం లేదు. అయినా సముద్రపు చేప ఐసు పెట్టెలో మన వీధి దాకా వస్తుంది. కిలో ఎంతో మనకు తెలుసు. బేరం చేయడం తెలుసు. చెంప ఎత్తి చూసి తాజా చేపను పోల్చుకోవడం తెలుసు. కానీ ఆ చేపను పట్టిన వలలో ఇంకా ఏమేం పడ్డాయో మనకు తెలియదు.

ఈ పాఠంలో ఆ సంగతి తెలుసుకుందాం.

1. వలకు చూపు లేదు

వలకు కళ్లు చాలా ఉంటాయి. చూపు మాత్రం ఉండదు. రొయ్య కోసం వేసిన వలలో రొయ్య ఒక్కటే పడదు. దారిలో ఏది ఎదురైతే అది పడుతుంది.

ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఆంధ్రప్రదేశ్ సముద్ర తీరం ఉంది. దాని పొడవు సుమారు 1000 కిలోమీటర్లు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల నుంచి మరపడవలు వేటకు వెళతాయి. ఇంజను ఉన్న పడవను మరపడవ అంటారు. రొయ్యల కోసం మరపడవ ఒక పెద్ద సంచిలాంటి వలను వెనక లాగుతూ పోతుంది. దాన్ని ట్రాలు వల అంటారు. ఆ వల నోరు వెడల్పుగా ఉంటుంది. పోనుపోను సన్నబడుతుంది. చివర మూటలాంటి సంచి ఉంటుంది. పట్టినదంతా ఆ సంచిలోకి చేరుతుంది.

ఒకసారి వేసిన వలను రెండు మూడు గంటలు లాగుతారు. తరువాతే పైకి తీస్తారు.

సముద్రపు తాబేలు ఆ దారిలో ఉంటే? అది కూడా వలలోకి వెళ్లిపోతుంది. నీళ్లు ముందు నుంచి తోస్తుంటాయి. వెనక్కి తిరిగి రాలేదు.

ఒక అక్క ఇలా అడగవచ్చు. "తాబేలు నీళ్లలో బతికేదే కదా! వలలో ఉంటే ఎందుకు చస్తుంది?"

మంచి ప్రశ్న. చేపకు చెంపలు ఉన్నాయి. నీటిలోనే ఊపిరి తీసుకుంటుంది. తాబేలుకు మనలాగే ఊపిరితిత్తులు ఉన్నాయి. అది గాలి పీల్చడానికి పైకి రావాలి. కదలకుండా ఉంటే చాలాసేపు నీళ్లలో ఆగగలదు. వలలో చిక్కితే గింజుకుంటుంది. గింజుకుంటే ఊపిరి తొందరగా అయిపోతుంది. పైకి రావడానికి దారి లేదు. నీళ్లలో పుట్టినట్టు తిరిగే తాబేలు నీళ్లలోనే మునిగి చనిపోతుంది.

దాన్ని చంపాలని ఎవరూ అనుకోలేదు. మన మత్స్యకారుల్లో చాలామంది తాబేలును కూర్మావతారమని దండం పెడతారు. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో ఆ దేవుడికి గుడి కూడా ఉంది. అయినా తాబేళ్లు చనిపోతున్నాయి. దండం పెట్టినంత మాత్రాన వల ఆగదు.

2. ఒక తల్లి పోతే ఎంత నష్టం?

మన తీరానికి వచ్చే తాబేళ్లలో ఎక్కువగా ఉండేది ఆలివ్ రిడ్లే అనే రకం. బరువు సుమారు 40 కిలోలు. పీతలు, నత్తలు, రొయ్యలు, జెల్లీ చేపలు తింటుంది.

చలికాలం చివర ఆడ తాబేలు ఒడ్డుకు వస్తుంది. రాత్రి పూట వస్తుంది. వెనక కాళ్లతో ఇసుకలో గుంట తవ్వుతుంది. అందులో 100కు పైగా గుడ్లు పెడుతుంది. ఇసుక కప్పి సముద్రానికి వెళ్లిపోతుంది. గుడ్లు పొదగదు. ఇసుక వేడే వాటిని పొదుగుతుంది. ఏడెనిమిది వారాల్లో పిల్లలు బయటికి వస్తాయి. సముద్రం వైపు పరుగెత్తుతాయి.

దారిలో కుక్కలు తింటాయి. కాకులు తింటాయి. నీళ్లలో చేపలు తింటాయి. వెయ్యి పిల్లల్లో ఒకటో రెండో మాత్రమే పెద్దవవుతాయని చెబుతారు. ఆ ఒక్కటి కూడా గుడ్లు పెట్టే ఈడుకు రావడానికి పది పదిహేను ఏళ్లు పడుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. వలలో చనిపోయేది ఎక్కువగా ఎవరు? గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరకు వచ్చిన తల్లి. వెయ్యి పిల్లల్లో ఒక్కటిగా మిగిలిన తల్లి.

ఒడిశాలో గంజాం జిల్లా ఉంది. అక్కడ రుషికుల్య నది సముద్రంలో కలుస్తుంది. ఆ చోట తాబేళ్లు ఒక్కసారిగా గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయి. 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయి. అక్కడి పల్లెల్లో తెలుగు మాట్లాడే మత్స్యకారులు చాలామంది ఉన్నారు. వాళ్లు తీరంలో కాపలా ఉంటారు.

అదే ఏడాది జనవరిలో మన కాకినాడ తీరానికి చచ్చిన తాబేళ్లు కొట్టుకొచ్చాయి. పేపర్లలో వార్తలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ విచారణ చేయమని అధికారులకు చెప్పారు.

ఒకే సముద్రం. ఒకే తాబేలు. ఒకచోట ఒడ్డున గుడ్లు. ఇంకోచోట ఒడ్డున శవాలు.

3. చట్టం ఏం చెబుతుంది?

1972లో మన దేశంలో వన్యప్రాణుల రక్షణ చట్టం వచ్చింది. సముద్రపు తాబేలుకు ఆ చట్టంలో పులికి ఉన్నంత రక్షణ ఉంది. తాబేలును చంపడం నేరం. గుడ్లు తీసి అమ్మడమూ నేరమే.

ఆంధ్రప్రదేశ్‌లో సముద్రపు వేటకు 1994లో వేరే చట్టం వచ్చింది. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు తెప్పలు, నాటు పడవలకు వదలాలి. మరపడవలు ఆ హద్దు దాటి వేటాడాలి. ఈ హద్దు పేద మత్స్యకారుల బతుకు కోసం పెట్టినది. ఒడ్డు దగ్గర తిరిగే తల్లి తాబేలుకు కూడా ఇదే కాపుదల. మరపడవ హద్దు మీరి వస్తే నాటు పడవ వాడి వల తెగుతుంది. తాబేలు ప్రాణమూ పోతుంది.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట ఆపుతారు. మొత్తం 61 రోజులు. ఇది చేపలు గుడ్లు పెట్టి పెరగడానికి ఇచ్చిన సెలవు. కానీ మన తీరంలో తాబేళ్లు ఎక్కువగా గుడ్లు పెట్టేది జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో. అప్పుడు వేట జోరుగా సాగుతుంటుంది. అంటే ఈ సెలవు తాబేలుకు ఆలస్యంగా వస్తుంది.

మరి జనవరి నుంచి వేట మొత్తం ఆపేద్దామా? ఆపితే మత్స్యకారుల ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? పడవ మీద కూలికి వెళ్లేవాడు ఏం తింటాడు? చేపల గంప నెత్తిన పెట్టుకొని ఊరూరా తిరిగే ఆడమనిషి ఏం అమ్ముతుంది?

వేట ఆగకూడదు. తాబేలు చావకూడదు. రెండూ కుదిరే ఉపాయం కావాలి. ఆ ఉపాయం ఉంది.

4. వలకు కిటికీ పెట్టారు

అమెరికాలో జార్జియా అనే రాష్ట్రం ఉంది. అక్కడ సింకీ బూన్ అనే రొయ్యల వేటగాడు ఉండేవాడు. అతని వలలో జెల్లీ చేపలు కుప్పలుగా పడేవి. వల బరువెక్కేది. రొయ్యలు నలిగిపోయేవి. అతను వల లోపల కమ్మీల చట్రం ఒకటి బిగించాడు. పక్కన ఒక కంత పెట్టాడు. జెల్లీ చేపలు కమ్మీలకు తగిలి కంతలోంచి బయటికి పోయాయి. రొయ్యలు సంచిలోకి చేరాయి.

ఇలాంటి చట్రమే తాబేలుకు కూడా దారి చూపింది. 1987 నుంచి అమెరికా తన రొయ్యల పడవలు ఇలాంటి చట్రం వాడాలని నియమం పెట్టింది. మన దేశంలో కొచ్చిలో ఉన్న కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగినట్టు ఒక చట్రం తయారు చేసింది.

అది ఎలా పనిచేస్తుందో చూడండి. మన ఇంటి కిటికీ ఊచలు తలచుకోండి. ఊచల సందులోంచి చేయి దూరుతుంది. మనిషి దూరడు. ఇదీ అంతే.

సన్నబడే చోట వలలో కమ్మీల చట్రాన్ని ఏటవాలుగా బిగిస్తారు. కమ్మీకి కమ్మీకి మధ్య సుమారు 14 సెంటీమీటర్ల సందు ఉంటుంది. అంటే దాదాపు జానెడు కంటే తక్కువ. రొయ్యలు, చేపలు ఆ సందులోంచి వెనక సంచిలోకి పోతాయి. తాబేలు దూరలేదు. కమ్మీలకు తగులుతుంది. చట్రం ఏటవాలుగా ఉంది కాబట్టి జారుతుంది. జారిన చోట వలకు తలుపులాంటి కంత ఉంటుంది. కంత మీద వల ముక్క వేలాడుతుంది. తాబేలు దాన్ని నెట్టుకొని బయటపడుతుంది. పైకి వెళ్లి గాలి పీల్చుకుంటుంది.

దీనికి కరెంటు అక్కరలేదు. మందు అక్కరలేదు. నాలుగు కమ్మీలు, ఒక కంత. అంతే.

5. అయినా అందరూ ఎందుకు పెట్టలేదు?

మత్స్యకారుల భయం ఒకటి ఉంది. కంతలోంచి తాబేలుతో పాటు పెద్ద చేపలు కూడా పోతాయేమో! రోజంతా డీజిలు కాల్చి పట్టిన చేప పోతే కడుపు మండదా? ఈ భయం తప్పు కాదు. కొంత చేప పోతుంది కూడా. చట్రం సరిగా బిగించడం నేర్పాలి. వాళ్ల పడవ మీదే వాడి చూపించాలి. కళ్లతో చూస్తేనే నమ్మకం కుదురుతుంది.

చట్రం లేకపోతే వేరే నష్టం ఉంది. 1996లో అమెరికా ఒక షరతు పెట్టింది. తాబేళ్లను కాపాడే పద్ధతి లేని దేశాల సముద్రపు రొయ్యలు కొననన్నది. భారతదేశం, పాకిస్తాన్, మలేషియా, థాయిలాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేశాయి. 1998లో తీర్పు వచ్చింది. తాబేళ్లను కాపాడాలనడం సబబే. కానీ అన్ని దేశాలనూ సమానంగా చూడలేదు. అది తప్పు. ఇదీ తీర్పు సారం.

2018లో అమెరికా మళ్లీ మన దేశపు సముద్రపు రొయ్యలు కొనడం ఆపింది. చెరువుల్లో పెంచిన రొయ్యలకు ఆ అడ్డు పెట్టలేదు. సముద్రపు రొయ్యకు కొనేవాళ్లు తగ్గితే ధర తగ్గుతుంది. ధర తగ్గితే దెబ్బ ఎవరికి? పడవ మీద కూలికి. రొయ్య ఒలిచే ఆడకూలికి. రేవులో బుట్ట పట్టుకొని నిలబడ్డ అమ్మకు. వలకు కిటికీ పెడితే తాబేలు ఒక్కటే బతకదు. ఈ ఇళ్లు కూడా నిలబడతాయి.

6. గాలానికి చిక్కే పక్షి

ఇలాంటి కష్టమే దూర సముద్రాల్లో పక్షులకూ ఉంది.

ఆల్బట్రాస్ అని ఒక పెద్ద సముద్రపు పక్షి. వాటిలో అన్నిటికంటే పెద్ద రకం రెక్కలు చాస్తే పదకొండు అడుగులు ఉంటాయి. ఒకసారికి ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. విజ్‌డమ్ అనే ఆడ ఆల్బట్రాస్ కాలికి 1956లో శాస్త్రవేత్తలు గుర్తు కడియం వేశారు. 2024 చివరలో కూడా అది గుడ్డు పెట్టింది. అప్పటికి దాని వయసు 70 దాటింది!

ఇంత కాలం బతికే పక్షి గాలానికి చిక్కి చనిపోతున్నది. ఎలా?

పెద్ద పడవలు కిలోమీటర్ల పొడవున తాడు వదులుతాయి. ఆ తాడుకు వేల గాలాలు వేలాడుతుంటాయి. ప్రతి గాలానికి ఎర ఉంటుంది. తాడు మునగక ముందే పక్షి ఎర మీద వాలుతుంది. గాలం నోటికి గుచ్చుకుంటుంది. బరువు తాడు పక్షిని నీటి కిందికి లాగేస్తుంది. ఇలా ప్రపంచంలో ఏటా కనీసం 1,60,000 పక్షులు చనిపోతున్నాయని 2011లో శాస్త్రవేత్తలు లెక్క కట్టారు.

దీనికి మూడు ఉపాయాలు ఉన్నాయి.

ఒకటి: రాత్రి పూట గాలాలు వేయడం. అప్పుడు చాలా పక్షులు ఎర కోసం తిరగవు.

రెండు: తాడుకు బరువులు కట్టడం. అప్పుడు ఎర తొందరగా మునిగిపోతుంది.

మూడు: పడవ వెనక రంగుల తోకలు కట్టిన తాడు ఎగరేయడం. పక్షులు బెదిరి దూరంగా ఉంటాయి. మన రైతులు చేలో దిష్టిబొమ్మ పెట్టినట్టే ఇదీ.

ఈ మూడో ఉపాయం జపాను మత్స్యకారులు కనిపెట్టారు. ఎరను పక్షులు ఎత్తుకుపోకుండా కాపాడుకోవాలని మొదలుపెట్టారు. పక్షి ప్రాణమూ దక్కింది. ఎరా దక్కింది. ఎర దక్కితే చేప దక్కినట్టే.

7. నమీబియా ఆడవాళ్లు

ఆఫ్రికాలో నమీబియా అనే దేశం ఉంది. ఆ దేశపు సముద్రంలో ఏటా వేల పక్షులు గాలాలకు చిక్కి చనిపోయేవి. 2015లో ప్రభుత్వం నియమం పెట్టింది. గాలాల పడవలన్నీ పక్షులను బెదిరించే తాళ్లు కట్టాలన్నది.

ఆ తాళ్లు ఎవరు చేయాలి? వాల్విస్ బే అనే రేవు పట్నంలో మెమె ఇటుంబాపో అనే ఆడవాళ్ల సంఘం ఉంది. మన పొదుపు సంఘంలాంటిదే. ఆ ఆడవాళ్లు తాళ్లకు రంగుల తోకలు ముడివేసే పని చేపట్టారు. పడవల వాళ్లు వాటిని కొన్నారు. ఆడవాళ్ల చేతికి డబ్బు వచ్చింది.

గాలాల పడవల మీద పక్షుల చావులు 98 శాతం తగ్గాయని 2021లో లెక్క తేలింది. అంటే ముందు 100 పక్షులు చనిపోయే చోట ఇప్పుడు 2 మాత్రమే.

చూశారా! కమ్మీల చట్రం ఒక రొయ్యల వేటగాడి ఆలోచన. రంగుల తాడు చేపల వేటగాళ్ల ఆలోచన. ఆ తాడు ముడివేసింది ఆడవాళ్ల చేతులు. పని తెలిసిన వాళ్లకే ఉపాయం తడుతుంది. వాళ్లను దొంగల్లా చూస్తే పని కాదు. కలుపుకొని పోతే అవుతుంది.

8. మనం ఏం చేయగలం?

"మేం గాంధీనగర్‌లో ఉంటాం. సముద్రం ఎక్కడో ఉంది. మేమేం చేస్తాం?" అని మీరు అడగవచ్చు. చేయగలిగినవి ఇవి.

* విశాఖపట్నమో బాపట్లో వెళితే రాత్రి ఒడ్డున తాబేలు కనబడవచ్చు. దాని మీద టార్చి వేయకండి. చుట్టూ మూగకండి. గుడ్లు ముట్టుకోకండి. అటవీ శాఖ వారికి చెప్పండి.

* మీ చుట్టాల్లో పడవల వాళ్లు ఉంటే ఈ మాట చెప్పండి. వలలో వచ్చిన తాబేలు కదలకపోయినా చచ్చిందని వెంటనే నీళ్లలో పడేయకూడదు. కడుపు కిందికి ఉండేలా పెట్టాలి. వెనక భాగం కొంచెం ఎత్తులో ఉంచాలి. నీడలో తడి గోనె కప్పాలి. ముక్కు మూయకూడదు. కొన్ని గంటలకు తేరుకోవచ్చు. అప్పుడు మెల్లగా నీళ్లలో వదలాలి.

* మన అశోక్‌నగర్, గాంధీనగర్ పక్కనుంచి హుస్సేన్‌సాగర్ నాలా పోతుంది. అది మూసీలో కలుస్తుంది. మూసీ కృష్ణలో కలుస్తుంది. కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. నాలాలో వేసిన ప్లాస్టిక్ కవరు ఆ దారినే పోతుంది. నీళ్లలో తేలే కవరు తాబేలుకు జెల్లీ చేపలా కనబడుతుంది. నాలాలో చెత్త వేయకండి.

* సంక్రాంతికి పిల్లలు పతంగులు ఎగరేస్తారు. నైలాన్ మాంజా కొనివ్వకండి. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాన్ని దేశమంతా నిషేధించింది. గాలం తాడు సముద్రంలో చేసే పనే ఆ దారం మన డాబాల మీద చేస్తుంది. పక్షి రెక్క కోస్తుంది. మనిషి మెడా కోస్తుంది.

* ఈ పాఠం ఇంట్లో పైకి చదవండి. చదువు రాని పక్కింటామెకు చదివి వినిపించండి.

అభ్యాసం

కొత్త మాటలు: పైకి చదవండి. రాయండి.

మరపడవ – ఇంజను ఉన్న పడవ
ట్రాలు వల – పడవ వెనక లాగే సంచి వల
ఏటవాలు – ఒక పక్కకు వాలి ఉండడం
కంత – పెద్ద రంధ్రం
ఎర – చేపను ఆశ పెట్టే తిండి

ఖాళీలు నింపండి.

1. తాబేలు ఊపిరి పీల్చడానికి నీటి ________ కి రావాలి.
2. ఒడ్డు నుంచి ________ కిలోమీటర్ల లోపు నాటు పడవలకు వదలాలి.
3. వేట సెలవు ఏప్రిల్ 15 నుంచి ________ 14 వరకు.

లెక్క చేయండి.

ఒక తల్లి తాబేలు 100 గుడ్లు పెట్టింది. 10 తల్లులు ఎన్ని గుడ్లు పెడతాయి? అన్నీ పిల్లలయ్యాయి. 1000 పిల్లల్లో ఒక్కటే పెద్దదవుతుంది అనుకుందాం. ఈ పిల్లల్లో ఎన్ని పెద్దవవుతాయి?

మాట్లాడుకోండి.

1. తాబేలుకు సెలవు ఆలస్యంగా వస్తుందని పాఠంలో ఉంది. ఎందుకు?
2. వలకు చట్రం బిగించడానికి ఖర్చు అవుతుంది. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? పడవ యజమానా? ప్రభుత్వమా? రొయ్య తినేవాళ్లా?
3. నమీబియా ఆడవాళ్ల సంఘంలా మీ సంఘం ఏ పని చేపట్టగలదు? నాలుగు వాక్యాలు రాయండి.